ఆస్ట్రోఫైటమ్ మొలకల్లో నారుకుళ్ళు: మూత ఎప్పుడు తీయాలి?

విత్తనం నుంచి కాక్టస్‌లను పెంచుతున్న అనుభవజ్ఞుల సలహా కోరుతున్నాను. హైదరాబాదులో, తూర్పు వైపు బాల్కనీలో, ఆస్ట్రోఫైటమ్ ఆస్టెరియాస్ అనే కాక్టస్ విత్తనాలు వేశాను. మరిగే నీళ్ళు పోసి ఆరబెట్టిన ముతక ఇసుక, జల్లించిన ఇటుక పొడి, కొద్దిగా కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) కలిపిన మిశ్రమంపై గింజలను పూడ్చకుండా పరిచి, మూత ఉన్న పారదర్శకమైన డబ్బాలో ఉంచగా, అవి వారం తిరగకముందే మొలకెత్తాయి. ఇప్పుడు ఒక్కొక్కటి చిన్న బఠాణీ అంత గుండ్రంగా ఉంది, నడినెత్తిన తెల్లని నూగు కూడా కనిపిస్తోంది. ఈ నూగు చూడటానికే నాకు ఈ మొక్కంటే ప్రాణం.

అయితే వానలు మొదలయ్యాక కొన్ని మొలకలు మొదలు దగ్గర నీరు పట్టినట్లు మెత్తబడి, లోపలి వరకు కనిపించేంత పలుచనై, ఒరిగిపోతున్నాయి. మట్టిపై పచ్చని పాచి కూడా వ్యాపిస్తోంది. మూత తీస్తే లేత వేర్లు ఎండిపోతాయేమో, ఉంచితే తెగులు మిగతావాటికీ పాకుతుందేమో అని ఆందోళనగా ఉంది. టమాటా, మిరప నారుమళ్ళలో నారుకుళ్ళుకు లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే శిలీంధ్రనాశిని కలిపి నేలను తడుపుతారు. ఇంత లేత కాక్టస్‌లు ఆ మోతాదును తట్టుకుంటాయా, లేక తగ్గించాలా? ఈ తేమలో మూతను రోజుకు కొంతసేపు చొప్పున తెరుస్తూ అలవాటు చేయడం మేలా, లేక మంచి మొలకలను ఇప్పుడే కొత్త మిశ్రమంలోకి మార్చడం మేలా? మన వాతావరణంలో వీటిని వానకాలం దాటించినవారు దయచేసి మీ పద్ధతిని వివరంగా తెలుపగలరు.