బ్రేకర్ మూసి ఉన్నా తెరిచి ఉందని రిలే పొరబడుతోంది: 220 కేవీ లైన్‌లో ఏ సెట్టింగ్ మార్చాలి?

ఎంఆర్‌టీ (మీటర్లు, రిలేల పరీక్షా విభాగం) ఏఈ (ప్రశ్న)

మా సబ్‌స్టేషన్ నుంచి వెళ్లే 90 కిలోమీటర్ల 220 కేవీ జీబ్రా కండక్టర్ లైన్‌కు న్యూమరికల్ డిస్టెన్స్ రిలే (లైన్‌లో లోపాన్ని గుర్తించి బ్రేకర్‌ను తెరిపించే డిజిటల్ పరికరం) ఉంది. సీటీ (కరెంట్‌ను రిలేకు తగిన స్థాయికి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్) నిష్పత్తి 800/1. వోల్టేజీని బస్ పీటీ (సబ్‌స్టేషన్ బస్ మీద వోల్టేజీ కొలిచే ట్రాన్స్‌ఫార్మర్) నుంచి తీసుకుంటున్నాము. ఈ మధ్య లైన్ క్లియర్ (పని కోసం లైన్‌ను ఆపి ఇచ్చే అనుమతి) తిరిగి ఇచ్చాక మా వైపు నుంచి లైన్‌ను ఛార్జ్ చేస్తే ఏ ఇబ్బందీ లేకుండా నిలిచింది. కొంతసేపటికి అవతలి సబ్‌స్టేషన్ వారు ఆ లైన్ మీదే తమ 160 ఎంవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌ను ఛార్జ్ చేయగానే, మా రిలే స్విచ్ ఆన్ టు ఫాల్ట్ (బ్రేకర్ మూయగానే లైన్‌లో లోపం కనిపిస్తే వెంటనే తెరిపించే రక్షణ) కింద ట్రిప్ ఇచ్చింది. డిస్టర్బెన్స్ రికార్డులో మూడు ఫేజుల వోల్టేజీ సక్రమంగానే ఉంది, కరెంట్ తరంగం మాత్రం ఒక పక్కకు ఒరిగి, ఇన్‌రష్ (ట్రాన్స్‌ఫార్మర్‌ను ఛార్జ్ చేయగానే కొద్దిసేపు వచ్చే పెద్ద కరెంట్) అని చూడగానే తెలిసేలా ఉంది. ఆ ఎలిమెంట్ 1.25 ఆంపియర్లకు, అంటే ప్రైమరీలో 1000 ఆంపియర్లకు పెట్టి ఉంది. నాకు అంతుపట్టనిది ఒక్కటే: చాలాసేపటి నుంచి మూసి ఉన్న మా బ్రేకర్‌ను అప్పుడే మూసినట్లుగా రిలే ఎలా లెక్కించింది? బ్రేకర్ స్థితి గుర్తింపు "కరెంట్ మాత్రమే" అనీ, పోల్ ఓపెన్ కరెంట్ (ఇంతకన్నా తగ్గితే బ్రేకర్ తెరిచి ఉన్నట్లు రిలే లెక్కించే హద్దు) 0.1 ఆంపియర్ అనీ సెట్టింగులలో ఉన్నాయి. దీనిని 0.05కు తగ్గిస్తే సరిపోతుందా?

విశ్రాంత డీఈ

సరిపోదు. ఈ లెక్క చూడండి. 220 కేవీలో జీబ్రా లైన్ ఛార్జింగ్ (అవతలి చివర తెరిచి ఉన్నా లైన్ కెపాసిటెన్స్ వల్ల తీసుకునేది) కిలోమీటరుకు సుమారు 0.14 ఎంవీఏఆర్ చొప్పున 90 కిలోమీటర్లకు 12.6 ఎంవీఏఆర్ అవుతుంది, అంటే దాదాపు 33 ఆంపియర్లు. మీ సీటీ సెకండరీలో అది 0.041 ఆంపియర్. 0.1 అంటే ప్రైమరీలో 80 ఆంపియర్లు, 0.05 అంటే 40. రెండూ ఛార్జింగ్ కరెంట్ కంటే ఎక్కువే. అవతలి చివర తెరిచి ఉన్నంతసేపూ మీ రిలేకు "కరెంట్ లేదు, కాబట్టి బ్రేకర్ తెరిచి ఉంది" అన్న ఒక్క మాటే తెలుసు. ట్రాన్స్‌ఫార్మర్ ఇన్‌రష్ రాగానే కరెంట్ హద్దు దాటింది, దానిని బ్రేకర్ అప్పుడే మూసుకోవడంగా తీసుకుని రిలే స్విచ్ ఆన్ టు ఫాల్ట్‌ను సిద్ధం చేసింది, అదే ఇన్‌రష్ 1000 ఆంపియర్లు కూడా దాటడంతో ట్రిప్ ఇచ్చింది. రిలే లోపం ఇందులో ఏమీ లేదు.

0.05 కన్నా కిందికి పోదామంటే చాలా రిలేలలో కనిష్ఠ సెట్టింగే ఆ దరిదాపుల్లో ఉంటుంది, ఆ స్థాయిలో సీటీ, రిలేల కొలత మీద నమ్మకం పెట్టుకోవడమూ కష్టమే. లైన్ సీవీటీ (లైన్ వైపు వోల్టేజీ కొలిచే పరికరం) ఉంటే వోల్టేజీని కూడా షరతుగా జోడించవచ్చు. మీది బస్ పీటీ కనుక బ్రేకర్ తెరిచినా మూసినా వోల్టేజీ ఒకేలా కనిపిస్తుంది, ఆ దారి లేదు. అందువల్ల బ్రేకర్ తెరిచి ఉందని ఆక్సిలరీ కాంటాక్ట్ (బ్రేకర్‌తో పాటు కదిలి దాని స్థితిని తెలిపే చిన్న స్విచ్) చెప్పడమూ, కరెంట్ హద్దుకు దిగువన ఉండడమూ రెండూ కలిసినప్పుడే బ్రేకర్ తెరిచి ఉన్నట్లు రిలే నిర్ణయించేలా మార్చండి. ఎర్త్ రాడ్లు తీయడం మరచి లైన్‌ను ఛార్జ్ చేసే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది కాబట్టి, స్విచ్ ఆన్ టు ఫాల్ట్‌ను ఆపివేసే ఆలోచన మాత్రం పెట్టుకోవద్దు.

కమిషనింగ్ ఇంజనీర్

డీఈ గారి లెక్కతో ఏకీభవిస్తూనే, కాంటాక్ట్ విషయంలో ఒక హెచ్చరిక చేయదలచాను. మీరు 52ఎ (బ్రేకర్ మూసి ఉన్నప్పుడు మూసుకునే కాంటాక్ట్) ఒక్కటే తెచ్చి, దాని వైరు ఎక్కడో ఊడిపోయిందనుకోండి. ఇన్‌పుట్ సున్నా అవుతుంది, రిలే దానిని "తెరిచి ఉంది" అని చదువుతుంది, కరెంట్ ఎలాగూ 33 ఆంపియర్లే కనుక రెండు షరతులూ నెరవేరి మళ్లీ ఇదే ట్రిప్ వస్తుంది. కాబట్టి 52ఎతో పాటు 52బి (బ్రేకర్ తెరిచి ఉన్నప్పుడు మూసుకునే కాంటాక్ట్) కూడా తెచ్చి, 52బి ఉండి 52ఎ లేనప్పుడే తెరిచి ఉన్నట్లు లెక్కించేలా లాజిక్ రాయండి, రెండూ ఒకే స్థితిలో కొంతసేపు నిలిస్తే అలారం ఇవ్వండి. స్టేషన్ డీసీ 220 వోల్టులైతే బైనరీ ఇన్‌పుట్ పికప్ (కాంటాక్ట్ సంకేతం వచ్చిందని రిలే గుర్తించే కనిష్ఠ వోల్టేజీ) అందులో సగానికి, అంటే 110 వోల్టులకు, తగినంత పైన ఉండాలి. లేకపోతే డీసీ ఎర్త్ (డీసీ తీగ నేలకు తగలడం) వచ్చిన రోజున లేని కాంటాక్ట్ ఉన్నట్లు కనిపిస్తుంది. మెయింటెనెన్స్‌లో ఐసోలేటర్లు తెరిచి బ్రేకర్‌ను మూసి పరీక్షించే సందర్భం కూడా ఉంది కాబట్టి ఐసోలేటర్ కాంటాక్ట్‌ను లాజిక్‌లో కలిపితే మంచిది. ఒకటిన్నర బ్రేకర్ పథకం (రెండు లైన్లకు మూడు బ్రేకర్లు ఉండే ఏర్పాటు) ఉన్న స్టేషన్లలో మెయిన్, టై బ్రేకర్లు రెండూ తెరిస్తేనే లైన్ తెరిచినట్లు, మీకు ఆ చిక్కు లేదనుకుంటాను.

సెట్టింగుల విభాగం

సింగిల్ ఫేజ్ ఆటో రీక్లోజ్ (లోపం వచ్చిన ఫేజును మాత్రమే తెరిచి, దానంతట అదే మళ్లీ మూసే పద్ధతి) వాడుతున్నారా? వాడితే మూడు పోల్స్ కాంటాక్టులనూ సిరీస్‌లో కలిపి ఒకే ఇన్‌పుట్‌గా తేవద్దు. సాధారణంగా 1 సెకను ఉండే డెడ్ టైమ్‌లో (ఆ ఫేజు తెరిచి ఉండే వ్యవధిలో) ఏ పోల్ తెరిచిందో రిలేకు విడిగా తెలియాలి.

మరొకటి, ఎల్‌బీబీ (ట్రిప్ ఇచ్చినా బ్రేకర్ తెరుచుకోకపోతే చుట్టుపక్కల బ్రేకర్లను తెరిపించే రక్షణ). కొన్ని రిలేలలో పోల్ ఓపెన్ కరెంట్ హద్దునే ఎల్‌బీబీ రీసెట్‌కూ వాడుకుంటారు, కాబట్టి దానిని ముట్టుకునే ముందు మాన్యువల్‌లోని లాజిక్ డయాగ్రమ్ చూడండి. మన దగ్గర ఎల్‌బీబీని ఎక్కువగా 0.2 ఇన్ (రేటెడ్ కరెంట్‌లో 0.2 వంతు), 200 మిల్లీసెకన్లకు పెడతారు. ఓవర్ వోల్టేజీ ట్రిప్ వచ్చినప్పుడు అవతలి చివర తెరిచి ఉంటే బ్రేకర్‌లో పారేది ఛార్జింగ్ కరెంట్ మాత్రమే, అది 0.2 ఇన్‌ను చేరదు. బ్రేకర్ ఇరుక్కున్నా కరెంట్‌ను మాత్రమే చూసే ఎల్‌బీబీకి ఆ సంగతి తెలియదు. అలాంటి ట్రిప్‌లకు 52ఎ ఆధారంగా కూడా ఎల్‌బీబీ నడిచేలా పెట్టాలి.

ఎంఆర్‌టీ ఏఈ

అందరికీ కృతజ్ఞతలు. మా రిలేలో ఎల్‌బీబీ హద్దు వేరుగానే ఉంది. సింగిల్ ఫేజ్ రీక్లోజ్ వాడుతున్నాము, పోల్స్ కాంటాక్టులు విడివిడిగానే వస్తున్నాయి, 52బి మాత్రం మార్షలింగ్ కియోస్క్ (యార్డులో వైర్లు కలిసే పెట్టె) వరకే ఉంది. కేబుల్‌లో మిగిలిన కోర్లు ఉన్నాయి కాబట్టి ప్యానెల్ వరకు తెస్తాము. మార్పు తర్వాత ఏ పరీక్ష చేయమంటారు?

విశ్రాంత డీఈ

మూడు పరీక్షలు చేయండి. మొదట కాంటాక్టులను మూసిన స్థితిలో ఉంచి, సరైన వోల్టేజీతో 0.04 ఆంపియర్‌ను ఇంజెక్ట్ చేసి, రిలే "తెరిచి ఉంది" అని నిర్ణయించడానికి పట్టే ఆలస్యం కంటే ఎక్కువసేపు ఆగి, ఒక్కసారిగా 1.5 ఆంపియర్లకు పెంచండి. స్విచ్ ఆన్ టు ఫాల్ట్ పనిచేయకూడదు. తర్వాత కరెంట్ సున్నాగా, కాంటాక్టులు తెరిచిన స్థితిలో అంతే సేపు ఉంచి, కాంటాక్ట్ మారడమూ 1.5 ఆంపియర్లు రావడమూ ఒకేసారి జరిగేలా చూడండి. ఇప్పుడు తప్పకుండా ట్రిప్ రావాలి. చివరగా 52ఎ వైరును టెర్మినల్ దగ్గర తీసి మొదటి పరీక్షను మళ్లీ చేయండి. అప్పుడు అలారం రావాలి, ట్రిప్ రాకూడదు.