నెత్తురే దాని ‘అవతారం’: ఈ మాట ఉంచాలా, మార్చాలా?

చెన్నై క్రోంపేటలో మా ఇంట్లో నెలకోసారి నలుగురం కూర్చుని ఒక కథ చదువుకుంటాం. ఈసారి అమెరికన్ రచయిత ఎడ్గార్ ఎలన్ పో 1842లో రాసిన ‘ఎర్ర చావు’ అనే మహమ్మారి కథ. (తెలుగులో రాస్తే ఆయన పేరు పొమ్మన్నట్టుంటుంది, ఏం చేస్తాం.) తెలుగు చేస్తూ మూడో వాక్యం దగ్గరే ఆగిపోయాను. నెత్తురే ఆ జబ్బుకి ‘అవతార్’, నెత్తురే ముద్ర అంటాడు. ఇంగ్లీషులో ఆయన వాడిన మాటే అది! మనకేమో అవతారమంటే దశావతారాలు, లేదా ‘ఏంట్రా ఆ అవతారం, తల దువ్వుకో’ అని అమ్మ తిట్టే తిట్టు. ‘రూపం’ అని పెట్టేస్తే పోదా?

జవాబు: రూపం వద్దండీ. మశూచి వస్తే మన పెద్దలు ఆ పేరెత్తారా? ‘అమ్మవారు పోసింది’ అన్నారు. ఒంటి మీద పొక్కులే అమ్మవారు. అవతారం అంటే అదే కదా.

పైగా పోకి ఆ నెత్తురు ఊహలో పుట్టింది కాదు. 1842 జనవరిలో భార్య వర్జీనియా పాట పాడుతుంటే గొంతులోంచి నెత్తురు పడింది. ఆమెకి 19 ఏళ్లు. మే నెలలో ఈ కథ అచ్చయింది. 1847లో వర్జీనియా క్షయతో పోయింది, 24 ఏళ్లకి. పోకి మూడేళ్లు నిండకముందే పోయిన ఆయన తల్లిదీ అదే వయసు. తర్వాత ఒక ఉత్తరంలో ఈ సంగతి చెబుతూ ‘పాడుతుంటే రక్తనాళం చిట్లింది’ అన్నాడే గానీ జబ్బు పేరు రాయలేదు.

మీ పక్క స్టేషనే చూడండి, తాంబరం శానిటోరియం. 1928లో క్షయ రోగుల కోసం పెట్టిన ఆస్పత్రి పేరది. మా మేనత్త అక్కడ కొన్ని నెలలుంది. ఇంట్లో ఎవరూ క్షయ అనేవారు కాదు, ‘శానిటోరియంలో ఉంది’ అనేవారు, అదీ గొంతు తగ్గించి. ఆమె చేతిరుమాలు మా కంటపడకుండా నాన్న గబగబా మడిచి జేబులో కుక్కుకోవడం ఒక్కటే నాకు గుర్తు.

ఇంకొకరు: ప్రతిదానికీ రచయిత ఇంట్లోకి తొంగి చూడాలా? కథలో జబ్బు క్షయ కానే కాదు. చర్మంలోంచి నెత్తురు కారి అరగంటలో మనిషి పోతాడు. క్షయ ఏళ్ల తరబడి తింటుంది.

జవాబు: నిజమే, క్షయ అని నేనూ అనను. కానీ కథలో వేషాల విందు జరుగుతుంటే నల్ల గడియారం గంట కొట్టినప్పుడల్లా వాద్యగాళ్లు ఆగిపోతారు, డాన్సు ఆగిపోతుంది. పాట మధ్యలో ఆగిపోవడం ఎలా ఉంటుందో ఆయన ఇంట్లోనే చూశాడు. దీన్ని నేను రుజువు చేయలేను, నమ్ముతానంతే. ఇంకోటి, మీ అమ్మగారి తిట్టు కూడా పనికొస్తుంది. చివర్లో విందుకి ఎర్ర చావు వేషంలో వచ్చిన ముసుగు మనిషిని పట్టుకుంటే లోపల ఎవరూ ఉండరు. ఉన్నదంతా అవతారమే! ‘రూపం’ అంటే ఇది దక్కదు.

మళ్లీ నేను: సరే, అవతారమే ఉంచుతున్నాను. రక్తం తీసేసి నెత్తురు కూడా ఖాయం చేశాను. ఇక పేరు. మొదటిసారి అచ్చయినప్పుడు ఇంగ్లీషు పేరులో ‘ముసుగు’ (Mask) అని ఉండేది, 1845లో అది వేషాల విందు అనే అర్థమొచ్చేలా (Masque) మారింది. అది ఎలాగో సర్దుకుంటా గానీ, ‘నెత్తురు కక్కుకుని చస్తావ్’ అని శపించే భాషలో ‘ఎర్ర చావు’ మరీ చప్పగా లేదూ? ఎవరికైనా మంచి మాట తడితే శనివారంలోగా చెప్పండి, ఆదివారం చదవాలి.