తుపాకుల మీద 11 శాతం పన్ను: బడులకు డబ్బు అందుతుందా, అందితే ఎన్నాళ్లు?

స్వాతి_శాన్‌హోసే:
కాలిఫోర్నియాలో 2024 జులై 1 నుంచి తుపాకులు, వాటి తయారీకి మూలమైన భాగాలు, తూటాల రిటైల్ అమ్మకం మీద 11 శాతం ఎక్సైజ్ పన్ను పడుతోంది. 2023లో గవర్నర్ న్యూసమ్ సంతకం పెట్టిన ఏబీ 28 (అసెంబ్లీ బిల్లు 28) చట్టం ఇది; వచ్చే డబ్బు హింస నివారణకు, బడుల భద్రతకు. కొలరాడోలో 2024 నవంబరులో ఇలాంటి పన్నే వేసే ‘ప్రతిపాదన కేకే’ని ఓటర్లే గెలిపించారు. అక్కడ 6.5 శాతం, 2025 ఏప్రిల్ 1 నుంచి. తుపాకీ దెబ్బ తిన్నవాళ్ల ఆసుపత్రి ఖర్చు, కోర్టు ఖర్చు, బడి భద్రత ఖర్చు ఇన్నాళ్లూ అందరి జేబుల్లోంచీ పోయింది. అందులో కొంత ఆ సరుకు కొనేవాళ్లు భరిస్తే తప్పేముంది? పార్టీల గొడవ పక్కనపెట్టి లెక్కలతో మాట్లాడండి.

రాయలసీమ_డల్లాస్:
తప్పుంది. కొట్టులో కొనేవాడు బ్యాక్‌గ్రౌండ్ చెక్ (నేర చరిత్ర తనిఖీ) దాటి, రసీదు తీసుకుని వెళ్లేవాడు. దొంగిలించిన తుపాకీకి, వీధిలో చేతులు మారిన దానికి రసీదు ఎక్కడిది? నేరం ఒకడిది, బిల్లు ఇంకొకడిది. పైగా ఫెడరల్ ఎక్సైజ్ ఇప్పటికే ఉంది: పిస్టళ్లు, రివాల్వర్ల మీద 10 శాతం, మిగతా తుపాకులూ తూటాల మీద 11 శాతం. అది తయారీదారు, దిగుమతిదారు దగ్గరే వసూలవుతుంది కాబట్టి కొనేవాడికి కనబడదు, అంతే.

లెక్కలమాస్టారు:
ఇద్దరూ రేటు దగ్గరే ఆగిపోయారు. బిల్లు వేసి చూద్దాం. కొట్టు ధర 1,000 డాలర్ల రైఫిల్ అనుకోండి. కంపెనీ దాన్ని 700కి అమ్మి ఉంటే, ఆ దశలోనే ఫెడరల్ పన్ను 77 డాలర్లు లోపల కలిసిపోయింది. కాలిఫోర్నియా ఎక్సైజ్ 110. చట్టం ప్రకారం అది కట్టాల్సింది రిటైలరే, కానీ బిల్లులో విడిగా చూపించి కొనేవాడి మీద వేస్తారు. అలా వేసిన 110 మీద మళ్లీ సేల్స్ టాక్స్. కనీస రేటు 7.25 శాతం చొప్పున 1,110 మీద 80.48. మొత్తం 1,190.48. ఈ ఎక్సైజ్ లేకపోతే 1,072.50 అయ్యేది. అంటే కొనేవాడి మీద పడిన అదనం 110 కాదు, దాదాపు 118. (డీలర్ దగ్గర కట్టే రాష్ట్ర రుసుములు ఇందులో కలపలేదు.)

ఇక చిన్న కొట్ల సంగతి. మూడు నెలల్లో ఈ సరుకు అమ్మకం 20,000 డాలర్ల లోపుంటే పన్ను లేదు. గీత దాటితే మాత్రం దాటిన భాగం మీదే కాదు, ఆ త్రైమాసికం మొత్తం అమ్మకం మీదా పడుతుంది. 19,900 అమ్మితే సున్నా, 20,100 అమ్మితే 2,211. మొదటి రెండు నెలలూ పన్ను వసూలు చేయని డీలరు మూడో నెలలో గీత దాటాడంటే ఆ తేడా సొంత జేబులోంచే. పోలీసు శాఖలకు, ఉద్యోగంలో ఉన్న లేదా రిటైరైన పోలీసులకు అమ్మినవాటికి మినహాయింపు ఉంది. రిటైరైనవాళ్లకు ఎందుకో నాకైతే అర్థం కాదు.

స్వాతి_శాన్‌హోసే:
ఫెడరల్ పన్ను మాట మీరే ఎత్తారు కదా డల్లాస్ అన్నా, ఆ డబ్బు ఎక్కడికి పోతోందో కూడా చెప్పాలిగా? 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద వన్యప్రాణుల సంరక్షణకు పోతోంది. దాన్ని వేటగాళ్లే సమర్థించారు. తుపాకీ కొన్నవాడు ప్రజల పనికి పన్ను కట్టడం కొత్తేం కాదు.

అడవిదారి:
స్వాతి గారూ, ఆ చట్టం నిలబడ్డ కారణం వేరు. ఖర్చులో 75 శాతం వరకు కేంద్రం ఇస్తుంది, కనీసం 25 శాతం రాష్ట్రం పెట్టుకోవాలి. పంపకం సగం రాష్ట్ర విస్తీర్ణాన్ని బట్టి, సగం వేట లైసెన్సుల సంఖ్యను బట్టి. వేట లైసెన్సు రుసుముని రాష్ట్రం వేరే పనికి మళ్లిస్తే ఈ నిధికి అర్హతే పోతుంది. కట్టేవాడికి తిరిగి అడవి, జింక, షూటింగ్ రేంజి కనబడతాయి. ఏబీ 28లో కట్టేవాడికి కనబడేది ఏమిటి? హింస నివారణ గ్రాంట్లు. అవి మంచివే, కాదనను. కానీ కొనేవాడు దాన్ని తన మీద వేసిన జరిమానాగానే చూస్తాడు.

అయితే ఆ నిధి కూడా కుదురుగా ఏం ఉండదు. 2019, 2020ల్లో రాష్ట్రాలకు పంచింది 70 కోట్ల డాలర్లు దాటలేదు. 2020లో మొదలైన కొనుగోళ్ల రద్దీ పుణ్యమా అని 2022కల్లా 100 కోట్లు దాటేసింది. పక్షుల మడుగు బాగుచేసే పని ఒక ఏడాది వాయిదా వేసుకోవచ్చు. బడిలో కౌన్సెలర్ జీతాన్ని వాయిదా వేస్తారా?

రాయలసీమ_డల్లాస్:
అదీ సంగతి. సియాటిల్ చూడండి. 2016 నుంచి తుపాకీకి 25 డాలర్లు, తూటాకి 5 సెంట్లు, .22 క్యాలిబర్ (తూటా వ్యాసం కొలత), అంతకన్నా చిన్నవాటికి 2 సెంట్లు. ఏటా 3 నుంచి 5 లక్షల డాలర్లు వస్తాయన్నారు. మొదటి ఏడాది వచ్చింది లక్ష చిల్లర. 2017లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ పన్ను చెల్లుతుందనే చెప్పింది, కానీ కోర్టులో గెలిస్తే ఖజానా నిండదు కదా.

లెక్కలమాస్టారు:
సియాటిల్ ఉదాహరణ కాలిఫోర్నియాకి అతకదు. నగరం దాటితే పన్ను లేదు, అరగంట కారు నడిపితే చాలు. రాష్ట్రమంతటా పన్ను ఉంటే అంత తేలిక కాదు: 1968 ఫెడరల్ చట్టం ప్రకారం వేరే రాష్ట్రం డీలరు దగ్గర పిస్టల్ నేరుగా కొనుక్కుని తెచ్చుకోవడానికి లేదు.

సియాటిల్‌లో అసలు లోపం పన్ను వేసిన తీరులో ఉంది. 250 డాలర్ల పిస్టల్‌కి 25 అంటే 10 శాతం, 2,500 దానికి 1 శాతం. 15 డాలర్ల 9 ఎంఎం పెట్టెలో 50 తూటాలుంటే పన్ను 2.50, అంటే దాదాపు 17 శాతం. 500 తూటాల .22 పెట్టె 40 డాలర్లనుకుంటే పన్ను 10, అంటే 25 శాతం! అన్నిటికన్నా చవకైన ప్రాక్టీసు తూటా మీద అన్నిటికన్నా బరువైన పన్ను. శాతం లెక్కన వేయడమే నయం.

ఇప్పుడు అసలు విషయం, వచ్చిన డబ్బు ఎవరికి ముందు, ఎవరికి తర్వాత అనే వరస. కాలిఫోర్నియాలో ఏటా 16 కోట్ల డాలర్లు రావచ్చని అంచనా వేశారు. మొదటి 7.5 కోట్లు కాల్‌విప్ అనే హింస నివారణ గ్రాంట్లకు, తర్వాతి 5 కోట్లు బడుల భద్రతకు విద్యాశాఖకు. వసూలు 9 కోట్లే అయిందనుకోండి, కాల్‌విప్‌కి ఒక్క సెంటూ తగ్గదు, బడులకు 1.5 కోట్లే. కొలరాడోలో ఇంకా తేటగా కనబడుతుంది: అనుకున్నది 3.9 కోట్లు, అందులో తొలి 3 కోట్లు నేర బాధితుల సేవలకు, తర్వాతి 80 లక్షలు మాజీ సైనికుల, పిల్లల మానసిక ఆరోగ్యానికి, చివరి 10 లక్షలు బడి భద్రతకు. వసూలు 3.8 కోట్ల దగ్గర ఆగితే బడికి సున్నా. ప్రచారంలో మాత్రం బడి పేరే ముందు వినిపిస్తుంది.

స్వాతి_శాన్‌హోసే:
మాస్టారూ, అలాంటప్పుడు ఏ పద్దుకీ ముడిపెట్టకుండా సాధారణ ఖజానాలో వేసేస్తే పోదా? బడ్జెట్లో అందరితో పాటే పంచుకుంటారు.

లెక్కలమాస్టారు:
కుక్ కౌంటీ (షికాగో) అదే చేసి దెబ్బతింది. తుపాకీ పన్ను డబ్బు సాధారణ ఖర్చులకు, తూటాల పన్ను ప్రజా భద్రత నిధికి వెళ్లేవి. రెండింటిలోనూ తుపాకీ హింస తగ్గించే పనికని కచ్చితంగా కేటాయించింది లేదు. 2021 అక్టోబరులో ఇల్లినాయి సుప్రీంకోర్టు ఆ పన్ను రాష్ట్ర రాజ్యాంగంలో పన్నులకు పెట్టిన ఏకరూపత నిబంధనకు నిలబడదంది. తుపాకీ ఉంచుకునే హక్కు మీద భారం వేస్తున్నప్పుడు వసూలుకీ ఖర్చుకీ సంబంధం చూపించాలన్నది వాళ్ల తర్కం. నెల తిరిగేలోగా కౌంటీ చట్టం సవరించి ఆ డబ్బుని హింస నివారణకు ముడిపెట్టింది. అందుకని ముడి ఉండాల్సిందే. వరస బదులు నిష్పత్తి పెట్టాలి: 60, 40 అనో మరోలాగో. మంచి ఏడాదిలో మిగిలినదాంట్లో కొంత నిల్వ నిధికి వేయాలి, మొదటి ఏడాది వచ్చిన డబ్బుని జీతాలకు వాడకూడదు.

గుంటూరు_గోపి:
మధ్యలో దూరుతున్నా. మన దగ్గర 2025 సెప్టెంబరు 22 నుంచి పిస్టళ్లు, రివాల్వర్ల మీద జీఎస్టీ 28 నుంచి 40 శాతం అయింది. గొడవే లేదు. లైసెన్సు దొరకడమే గగనం, సాధారణ లైసెన్సు మీద రెండుకు మించి ఉంచుకోనివ్వరు. ఆ పన్నుతో ఎవరూ బడి నడపాలనుకోరు.

రాయలసీమ_డల్లాస్:
గోపీ, అక్కడ అది హక్కు కాదు, ఇక్కడ హక్కు. మాస్టారి నిష్పత్తి ఆలోచన బాగానే ఉంది, అయినా నేను ఓటు వేయను. ఒక్కటి చెప్పండి: నిష్పత్తి మార్చాలంటే కాలిఫోర్నియా చట్టసభలో మళ్లీ మూడింట రెండొంతుల ఓట్లు కావాలా?

లెక్కలమాస్టారు:
కొత్త పన్ను వేయడానికో, ఉన్నది పెంచడానికో అయితే కావాలి, ఏబీ 28 అలాగే నెగ్గింది. రేటు కదల్చకుండా పంపకం ఒక్కటే మార్చడం వేరే ప్రశ్న. దానికి ముందు ఏబీ 28 పాఠంలో సవరణ గురించి ఏం రాశారో చదవాలి. ఎవరి దగ్గరైనా పూర్తి పాఠం ఉంటే ఆ సెక్షన్ ఇక్కడ పెట్టండి.