పౌరసత్వంలోని ‘స’ ఎక్కడిది?

తెనాలి నుంచి ప్రశ్న:

మా తాతగారు జిల్లా కోర్టులో గుమాస్తాగా పనిచేశారు. పౌరసత్వం అన్న మాట ఎవరి నోట వచ్చినా ఆయన ఒక వాక్యం అనేవారు. అందులో మొదటి సగమే నాకు గుర్తుంది: “సత్త్వం పుట్టుకతో వస్తుంది, స్వత్వం మాత్రం...” ఆ తరువాత ‘పత్రంతో’ అన్నారో, ‘పాలకుడితో’ అన్నారో ఎంత తలచుకున్నా అందడం లేదు. జన్మహక్కు పౌరసత్వాన్ని పరిమితం చేస్తూ అమెరికా అధ్యక్షుడు 2025 జనవరి 20న ఇచ్చిన ఉత్తర్వుపై విచారణ జరపడానికి ఆ దేశ సుప్రీంకోర్టు అదే ఏడాది డిసెంబరులో అంగీకరించిందని చదివినప్పటి నుంచి ఈ వాక్యం నన్ను వదలడం లేదు. పౌరసత్వంలో ఉన్నది సత్త్వమా (సారం, బలం), స్వత్వమా (హక్కు)? ఎవరైనా ఈ వాక్యం విన్నారా?

ఖరగ్‌పూర్ నుంచి:

అయ్యా, వాక్యం నేను వినలేదు గాని మాట స్వత్వమేనని నా నమ్మకం. మూడు తరాలుగా బెంగాల్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబం మాది. ఇక్కడి భూమి పత్రాలలో స్వత్వం తరచు కనిపించే మాట. 1885 నాటి బెంగాల్ కౌలుదారీ చట్టాన్ని బెంగాలీలో ‘ప్రజాస్వత్వ’ చట్టమనే అంటారు. అక్కడ ప్రజ అంటే రైతు, స్వత్వమంటే నేల మీద అతనికున్న హక్కు. అదే తీరున పౌరుడి హక్కు పౌరస్వత్వం అయి, ‘స’ కింది వ ఒత్తు నోట నలిగి జారిపోయి ఉంటుంది. సత్త్వమే అయితే ‘త’ కింద మరో ‘త’ ఉండాలి. ‘పౌరసత్త్వం’ అని రాసిన పత్రికను నేనింతవరకు చూడలేదు.

విశాఖపట్నం నుంచి:

ఖరగ్‌పూర్ మాస్టారి ఊహ అందంగా ఉంది. అయితే కన్నడమూ మలయాళమూ ‘పౌర’కు ‘త్వ’ చేర్చి పౌరత్వంతో సరిపెట్టుకున్నాయి, మరాఠీలో నాగరికత్వం అంటారు, ‘స’ను చేర్చుకున్నది మనమొక్కరమే. కాబట్టి దాని పుట్టుకను బెంగాల్‌లో కాక మన కోర్టు వరండాలలోనే వెతకాలి. అక్కడ అనాదిగా మోగుతున్న మాట వారసత్వం. అరబ్బీ ‘వారిస్’ మనకు వారసు అయింది, ఆపై సంస్కృత ‘త్వం’ వచ్చి చేరింది. ఆ ‘స’ వారసుది, అక్కడ దానికి హక్కుంది. దావా, వకాల్తా, జప్తు అన్న మాటల మధ్య పనిచేసే చెవికి వారసత్వం ఎంతగా పట్టుబడిందంటే, పౌరత్వం అనవలసిన చోట ఆ ఒరవడిలోనే పౌరసత్వం అనేశాం. వారసత్వం రెండు భాషల మాటలను అతికిన వైరిసమాసమని ఆక్షేపించేవారున్నారు గాని వాడుక దానిని నిలబెట్టింది.

హైదరాబాదు నుంచి, ఒక తెలుగు అధ్యాపకురాలు:

వారసత్వం వైరిసమాసం కాదు, అసలు సమాసమే కాదు. ‘త్వం’ తద్ధిత ప్రత్యయం, దానికి స్వతంత్రంగా నిలిచే శక్తి లేదు. ఈ తేడాను పట్టించుకోవాలి, ఎందుకంటే స్వత్వం పక్షం వారు రెండు పదాల సమాసాన్ని ప్రతిపాదిస్తున్నారు, వారసత్వం పక్షం వారు ఒక పదమూ ఒక ప్రత్యయమూ అంటున్నారు.

నన్ను ఇంతకంటే వేధించేది ‘పౌర’ శబ్దం. పౌరుడంటే పురంలో ఉండేవాడు. రామాయణంలో పౌరులు, జానపదులు జంటగా వస్తారు. పల్లెల్లో ఉండేవారు జానపదులు, వారు పౌరులు కారు. ‘పౌర’, ‘జానపద’ అన్నవి ప్రాచీన భారతదేశంలో నిజమైన సభల పేర్లని చరిత్రకారుడు జయస్వాల్ 1924లో వాదించగా, అల్తేకర్ వంటి చరిత్రకారులు ఒప్పుకోలేదు. తిక్కన గారి నిర్వచనోత్తర రామాయణం చదివే ప్రతిసారీ నేను ఆగిపోయేది ఇక్కడే. సీతమ్మను పురం వెలుపలికి పంపినది పౌరుల మాట. ఎవరు మనవారు, ఎవరు కారు అన్న తీర్పును ఊరి నోటికి వదిలితే ఏమవుతుందో పదమూడవ శతాబ్దంలోనే ఒక మంత్రి, కవి అంత నిబ్బరంగా చెప్పగలిగాడని నాకు ఇప్పటికీ ఆశ్చర్యం.

హైదరాబాదు నుంచి, ఒక న్యాయవాది:

అమ్మా, తిక్కన గారి మీద మీకున్న ప్రేమను గౌరవిస్తూనే విశాఖ వారి వైపు ఒక సాక్ష్యం ఇస్తాను. 1955 నాటి మన పౌరసత్వ చట్టం ప్రకారం 1950 జనవరి 26 నుంచి 1987 జూన్ 30 వరకు ఈ నేల మీద పుడితే దాదాపుగా అదే చాలు. 1987 జూలై 1 నుంచి తల్లిదండ్రులలో ఒకరు పౌరులై ఉండాలన్నారు. 2004 డిసెంబరు 3 నుంచి రెండోవారు అక్రమ వలసదారు కాకూడదని కూడా చేర్చారు. నేల నుంచి రక్తం వైపు సాగిన ఈ నడకను నీరజా గోపాల్ జయాల్, అనుపమా రాయ్ వంటి పండితులు వివరంగా చర్చించారు. అస్సాం జాతీయ పౌర పట్టికలో చేరడానికి 1951 నాటి పట్టికలోనో, 1971 మార్చి 24 అర్ధరాత్రి లోపలి ఓటర్ల జాబితాలవంటి పత్రాలలోనో తమ పేరో పూర్వికుల పేరో చూపాలి. పూర్వికుల పేరైతే వారితో బంధుత్వాన్నీ నిరూపించాలి. ఆ పాత వివరాలను అక్కడ లెగసీ డేటా అన్నారు. లెగసీ అంటే వారసత్వమే కదా. 2019 ఆగస్టు 31న వచ్చిన తుది జాబితాలో 19,06,657 మందికి చోటు దొరకలేదు. 1971 నాటి ఆ గడువుకు మూలమైన, పౌరసత్వ చట్టంలోని 6ఎ సెక్షన్‌ను మన సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 17న 4-1 మెజారిటీతో సమర్థించింది. పౌరసత్వంలోని ‘స’ వారసత్వం నుంచి వచ్చిందో లేదో తేల్చలేను గాని, చట్టం మాత్రం ఆ రెండు మాటలనూ ఒకే ఇంటికి చేర్చింది.

న్యూజెర్సీ నుంచి:

వకీలు గారు చెప్పినది మా ఇంట్లో రోజూ తలచుకునే విషయం. తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రి పౌరుడుగానీ శాశ్వత నివాసిగానీ కాకపోతే బిడ్డకు పౌరసత్వం లేదని ఆ ఉత్తర్వు అంటుంది. హెచ్-1బి మీద ఉన్న తెలుగు దంపతులు ఎందరో ఆ కోవలోకి వస్తారు. అమెరికా రాజ్యాంగానికి 1868 నాటి పద్నాలుగో సవరణలో ‘అధికార పరిధికి లోబడి’ అన్న ఒక్క పదబంధం చుట్టూ వాదమంతా తిరుగుతున్నది. చైనా దంపతులకు శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ పౌరుడేనని 1898లో అదే కోర్టు చెప్పింది. ఇక్కడ ఒక పదబంధం అర్థం తేలాలి, మనకు ఒక్క అక్షరం తేలాలి. నా మటుకు నేను స్వత్వం వైపే ఉంటాను, ఎందుకంటే హక్కు అన్న అర్థం ఆ మాటలోనే ఉండాలని నా కోరిక.

విశాఖపట్నం నుంచి:

కోరిక వ్యుత్పత్తికి ఆధారం కాదు గదా, బాబూ. ‘పౌరస్వత్వం’ అని అచ్చయిన ఒక్క పాత పుట చూపించండి, నా వాదం విరమించుకుంటాను.

తెనాలి నుంచి:

అందరికీ నమస్కారాలు. నిన్న రాత్రి మా అమ్మను అడిగాను. ఆ వాక్యం ఆవిడకూ గుర్తుంది, కాని మొదటి సగమే వేరు. తాతగారు అన్నది “వారసత్వం పుట్టుకతో వస్తుంది, పౌరసత్వం మాత్రం...” అని ఆవిడ గట్టిగా చెబుతున్నది. ఆ తరువాత ఏమన్నారో ఆవిడకూ జ్ఞాపకం లేదు.