తమ్ముడు జైల్లో ఉన్నాడు, పాపకి కువైట్ అని చెప్పాం. ఇప్పుడు నిజం ఎలా చెప్పాలి?

కోనసీమ మేనత్త:
అందరికీ నమస్కారం. ఊళ్లో ఎవరితోనూ చెప్పుకోలేక ఇక్కడ రాస్తున్నాను. మా తమ్ముడు ఒక కొట్లాట కేసులో ఆరు నెలలుగా సెంట్రల్ జైల్లో ఉన్నాడు. కేసు ఇంకా నడుస్తోంది, శిక్షేమీ పడలేదు. నెలన్నర కింద బెయిల్ వచ్చింది గానీ పూచీ ఉండే ఇద్దరు ష్యూరిటీలు కావాలన్నారు, నిన్నమొన్నటిదాకా మా ఇంట్లో భోంచేసిన చుట్టాలు కూడా కోర్టు దాకా రామంటున్నారు. మరదలు, పిల్లలిద్దరూ నా దగ్గరే ఉన్నారు. తను రొయ్యల షెడ్డులో పనికి వెళ్తోంది. తెల్లవారుజామున నాలుగింటికి ఆటో ఎక్కితే మధ్యాహ్నం ఎప్పటికో ఇల్లు చేరుతుంది, ఐసులో నాని నాని వేళ్లు పాలిపోయి ఉంటాయి.

పాపకి ఎనిమిదేళ్లు, మూడో తరగతి. పోలీసులు వచ్చినప్పుడు బడిలో ఉంది కాబట్టి నాన్న కువైట్ వెళ్లాడని చెప్పేశాం. మా వైపు ఇంటికొకరు అక్కడే ఉంటారు, నమ్మింది. పోయిన వారం బడి నుంచి వచ్చి అన్నం ముట్టలేదు. రాత్రి పడుకున్నాక, "అత్తా, కువైట్ నుంచి వీడియో కాల్ చేయొచ్చు కదా, మా క్లాసు పిల్ల వాళ్ల నాన్న రోజూ చేస్తాడు" అంది. నాకు నోట మాట రాలేదు. నిజం చెప్పేయాలా? ములాఖత్‌కి తీసుకెళ్లాలా? తమ్ముడేమో పిల్లని ఇక్కడికి తేవద్దు అంటున్నాడు.

శ్రీను, ఏలూరు:
ఎనిమిదేళ్ల పిల్లకి ఇవన్నీ ఎందుకండీ. ఇవాళో రేపో బయటికి వస్తాడు, అప్పటిదాకా కువైట్ అనే ఉండనివ్వండి. చెబితే రేపు అదే బడిలో ఎవరితోనో అనేస్తుంది, ఊరంతా తెలుస్తుంది.

ఓరుగల్లు అన్న:
శ్రీను గారూ, ఊరంతా ఇప్పటికే తెలిసి ఉంటుంది, తెలియనిది ఆ పిల్లకొక్కదానికే. నేను ఆ పిల్లలాంటివాణ్ణే. నాకు తొమ్మిదేళ్లప్పుడు మా బాపు వరంగల్ సెంట్రల్ జైల్లో ఉన్నాడు (ఆ జైలు ఇప్పుడు లేదు, 2021లో కూల్చేశారు). అమ్మ నాకు సూరత్ మిల్లుకి పోయాడని చెప్పింది. గోలీలాటలో గొడవైతే ఒక పిల్లాడు అసలు సంగతి నా మొహమ్మీద అనేశాడు. బాపు జైల్లో ఉన్నాడన్న బాధ కంటే, ఇంట్లో అందరూ కలిసి నా దగ్గర దాచారన్న బాధే ఎక్కువైంది. ఆ తర్వాత అమ్మ ఏం చెప్పినా నమ్మబుద్ధి కాలేదు. బాపు ఎవరినో చంపాడేమో, ఇక రాడేమో అని నాలో నేనే ఊహించుకున్నాను. నిజం అంత పెద్దదేం కాదు.

చివరికి పెద్దనాన్న ములాఖత్‌కి తీసుకెళ్లాడు. మధ్యలో రెండు జాలీలు, అటూ ఇటూ పది మంది ఒకేసారి అరుస్తున్నారు, ఒకరి మాట ఒకరికి వినపడదు. బాపు ఏం మాట్లాడాలో తెలియక "ఎక్కాలు ఎంతదాకా వచ్చినయిరా?" అన్నాడు. నేను పదమూడో ఎక్కం మొత్తం గొంతు చించుకుని అప్పజెప్పాను. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపోయాను.

అక్కా, మీరే చెప్పండి, బయటివాళ్లు చెప్పకముందే. రెండు మాటలు చాలు. నాన్న ఒక గొడవలో ఉన్నాడు, జడ్జి గారు తేల్చేదాకా జైల్లో ఉండాలి. ఇందులో నీ తప్పేం లేదు అని మాత్రం తప్పకుండా అనండి, పిల్లలు నేను అల్లరి చేసినందుకే వెళ్లిపోయాడు అనుకుంటారు. ములాఖత్‌కి తీసుకెళ్తే అక్కడ పోలీసులుంటారు, లైన్ ఉంటుంది, ముట్టుకోనివ్వకపోవచ్చు అని ముందే చెప్పి తీసుకెళ్లండి.

పారాలీగల్ వాలంటీర్:
మేడమ్, బెయిల్ సంగతి నాకు ఇంకా అర్జెంటుగా కనిపిస్తోంది. బెయిల్ వచ్చి నెల దాటినా ష్యూరిటీలు ఇవ్వలేకపోతే, షరతులు మార్చే విషయం కోర్టు ఆలోచించాలని సుప్రీంకోర్టు 2023 జనవరిలో చెప్పింది. బెయిల్ వచ్చిన ఏడు రోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ ఆ సంగతి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి తెలపాలి. మీ కేసులో అది జరిగిందో లేదో అడగండి. కోర్టు ప్రాంగణంలోనే వాళ్ల ఆఫీసు ఉంటుంది, ఫోన్ అయితే 15100. కస్టడీలో ఉన్నవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా లాయర్ ఉచితం, 1987 న్యాయ సేవల చట్టంలోనే ఉంది. పేద ఖైదీలకి బెయిల్ పూచీకత్తు డబ్బు కట్టే కేంద్ర పథకం 2023 నుంచి ఉంది, దాని గురించి కూడా అక్కడే కనుక్కోండి. దయచేసి మధ్యవర్తులకి డబ్బులిచ్చి ష్యూరిటీలు తెచ్చుకోకండి, దొంగ ష్యూరిటీ అని తేలితే ఇంకో కేసవుతుంది.

పిల్లల కోసం జిల్లా బాలల సంరక్షణ విభాగంలో మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద స్పాన్సర్‌షిప్‌కి అప్లికేషన్ పెట్టండి. తల్లిదండ్రులు చూసుకోలేని పరిస్థితి ఉన్న పిల్లలకి నెలకు 4,000 రూపాయలు. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు. వాళ్లు ఇంటికొచ్చి విచారించాకే మంజూరవుతుంది, టైమ్ పడుతుంది, అందుకే ఇప్పుడే పెట్టమంటున్నాను.

ఇంకొకటి. ఈ-ములాఖత్‌లో వీడియో ములాఖత్ కూడా ఉంటుంది. ఆన్‌లైన్‌లో మీ ఐడీ, ఖైదీ వివరాలు ఇస్తే జైలువాళ్లు ఓకే చేశాక లింక్ వస్తుంది. మీ తమ్ముడున్న జైల్లో ఏ రోజుల్లో ఇస్తున్నారో కనుక్కోండి.

సరళ టీచర్:
క్లాస్ టీచర్‌ని ఒక్కరినే పక్కకి పిలిచి చెప్పండమ్మా. మాకు తెలిస్తే పిల్లని కనిపెట్టుకుని ఉంటాం, "మీ నాన్న ఏం చేస్తాడు" లాంటి ప్రశ్నలు అందరి ముందూ అడగం. నా క్లాసులో ఇలాగే ఒక బాబు నెల రోజులు హోంవర్క్ చేయకపోతే రోజూ నిలబెట్టాను. కారణం తెలిశాక ఇప్పటికీ గుర్తొస్తుంది.

కోనసీమ మేనత్త:
మీ అందరికీ దండాలు. నిన్న మరదలు, నేను కలిసి చెప్పాం. పాప కాసేపు గచ్చు మీద గీతలు గీస్తూ కూర్చుని, "నాకు తెలుసు, పక్కింటి మామ్మ అమ్మతో అంటుంటే విన్నా" అంది. తెలిసి కూడా మమ్మల్ని వీడియో కాల్ అడిగిందంటే మేం ఏం చెబుతామో అని చూసిందన్నమాట. తర్వాత అడిగింది ఒక్కటే, అక్కడ ఫ్యాన్ ఉంటుందా అని. నాన్నకి ఉక్కపోత అస్సలు పడదు.

సోమవారం 15100 వాళ్లు చెప్పిన చోటికి బెయిల్ ఆర్డర్ కాపీ పట్టుకుని వెళ్తున్నాం. టీచర్ గారితో మాట్లాడాను. శనివారం వీడియో ములాఖత్ ఓకే అయింది, తమ్ముడు కూడా జాలీ వెనకాల కాదు కదా అని ఒప్పుకున్నాడు. పాప ఇప్పుడు డ్రాయింగ్ పుస్తకంలో ఏ బొమ్మ చూపించాలా అని తిరగేస్తోంది. ఓరుగల్లు అన్న గారూ, మీ సంగతి చెబితే తనూ ఎక్కాలు మొదలెట్టింది, ఏడో ఎక్కంలో ఉంది.