క్లారా షూమన్ కలం ఆగింది కచేరీ పర్యటనల వల్లేనా?

రాగలీన:
జర్మన్ పియానో కళాకారిణి, స్వరకర్త క్లారా షూమన్ 16 ఏళ్ల వయసులో, 1835లో, లైప్‌జిగ్‌లో స్వరకర్త మెండెల్సన్ వాద్యబృందాన్ని నడిపిస్తుండగా తన సొంత పియానో కన్చెర్టో (పియానోకీ వాద్యబృందానికీ కలిపి రాసిన రచన) వాయించింది. 76 ఏళ్లు బతికింది. కానీ 1853 తర్వాత చెప్పుకోదగ్గ రచన దాదాపు లేదు. ఊరూరా తిరిగి ఇతరుల సంగీతం వాయించడంలోనే ఆవిడ జీవితమంతా అయిపోయిందని నా అభిప్రాయం. మీరేమంటారు?

తీగమల్లె:
నేను ఒప్పుకోనండీ. పెళ్లయ్యాక, స్వరకర్త అయిన భర్త రాబర్ట్ షూమన్ సంగీతం రాసుకుంటున్నంతసేపూ ఈవిడ పియానో జోలికి వెళ్లడానికి లేదు, ఆ చప్పుడుకి ఆయన పని చెడుతుందని. రోజులో ఒక్క గంట కూడా తనకంటూ దొరకడం లేదని డైరీలో వాపోయింది. 1852లో, అప్పుడు ఉంటున్న డ్యూసెల్‌డార్ఫ్‌ ఊళ్లోనే వేరే ఇంట్లోకి మారారు. అక్కడ పై అంతస్తులో ఈవిడకి విడిగా ఒక గది. వాయించినా ఆయనకి ఇబ్బంది లేదు. 1853 వేసవిలోనే ఓపస్ (రచనల వరస సంఖ్య) 20 నుంచి 23 దాకా నాలుగు రచనలు వచ్చాయి! ఆవిడకి కావలసిందల్లా ఆ గదేనండీ.

మరుసటి ఫిబ్రవరిలో రాబర్ట్ రైన్ నదిలో దూకాడు. బతికించి మానసిక చికిత్సాలయంలో చేర్చారు. అప్పటికి ఈవిడ గర్భిణి. జూన్‌లో ఫెలిక్స్ పుట్టాడు, వాడితో కలిపి బతికున్న పిల్లలు ఏడుగురు. శరత్కాలానికల్లా మళ్లీ కచేరీలకి బయల్దేరింది. ఆసుపత్రి ఖర్చూ పిల్లల తిండీ ఆ పది వేళ్ల మీదే నడిచాయి. పర్యటనని తప్పు పట్టడానికి నాకు మనసొప్పదు.

రాగలీన:
సరే, రాబర్ట్ 1856లో పోయాడు. 1860ల్లో ఈవిడ జర్మనీలోని బాడెన్‌బాడెన్ ఊరి పక్కన ఇల్లు కొనుక్కుంది, వేసవులు అక్కడే గడిపేది. అంటే గదీ ఉంది, తీరికా ఉంది. మరి రచనలేవి?

తీగమల్లె:
మంచి ప్రశ్న వేశారు. గది చాలని తొందరపడి అన్నాను. పెళ్లికి ముందు సంవత్సరం, 20 ఏళ్ల వయసులో, ఆవిడ డైరీలో ఏం రాసుకుందో చూడండి: ఆడది స్వరరచన చేయాలని కోరుకోకూడదు, ఇంతవరకు ఎవరివల్లా కాలేదు, నావల్ల అవుతుందా అని. అప్పటికే కన్చెర్టో రాసిన పిల్ల ఆ మాట అంది! 1846లో జి మైనర్ ట్రయో (పియానో, వయొలిన్, చెల్లో మూడింటికీ రాసిన రచన) రాసి కూడా, తర్వాత రాబర్ట్ ట్రయో పక్కన తనది తేలిపోయిందనుకుంది. వేదిక మీద ఆ సందేహం లేదు. 1,300కు పైగా కచేరీల కార్యక్రమ పత్రాలు ఒక్కొక్కటీ దాచుకుంది. ట్రయోలో మూడో భాగం ఈ రాత్రి ఒకసారి వినండి, రేపు మాట్లాడుకుందాం.