చర్చ: డై పగులు గీత ఉన్న రూపాయికి 1,500 పెట్టొచ్చా?

గోదారి_గట్టు:
కోఠిలో ఒకాయన దగ్గర 2008 నాటి బొటనవేలు బొమ్మ రూపాయి చూశాను. తేదీ కింద నక్షత్రం ఉంది కాబట్టి మన హైదరాబాద్ టంకశాలదే. అంచు నుంచి బొటనవేలి దాకా సన్నటి గీత. "మింట్ ఎర్రర్ (టంకశాలలో జరిగిన పొరపాటు), 1,500" అంటున్నాడు. తీసుకోమంటారా?

రాగి_కాసు:
వద్దు. ముందు గీత మీద గోరు పెట్టి చూడండి. గుంటగా తగిలితే నాణెం బయటికొచ్చాక గీసుకుపోయిందే, దాని విలువ రూపాయే. ఉబ్బెత్తుగా తగిలితే డై పగులు, అంటే నాణెం మీద బొమ్మ కొట్టే అచ్చు పగిలిందన్నమాట. స్టీలు గట్టి లోహం, కొట్టగా కొట్టగా డై పగులుతుంది. ఆ సందులోకి లోహం వెళ్లి గీతలా పైకి లేస్తుంది. డై మార్చేదాకా ప్రతి బిళ్ల మీదా అదే గీత పడుతుంది. ఇందులో అరుదేముంది? వంద దాటి పెట్టకండి.

పాత_అణా:
తూకం వేశారా? ఆ రూపాయి 4.85 గ్రాములుండాలి.

రాగి_కాసు:
తూకానికీ పగులుకీ సంబంధం లేదండీ. పగిలిన డై కొట్టినా బరువు మారదు.

నక్షత్రం_గుర్తు:
వేలల్లో పడ్డాయి సరే, ఎన్ని మిగిలాయి? చాలావరకు కిరాణా కొట్ల గల్లాల్లో అరిగిపోయాయి. నేను ఒకే డై నుంచి వచ్చినవి వరుసగా పేరుస్తాను. మొదట అంచు దగ్గర వెంట్రుకంత గీత. చివరికి అంచు దగ్గర డై ముక్కే ఊడిపోతుంది. అప్పుడు ఆ చోట బొమ్మా అక్షరమూ లేకుండా నున్నటి లోహపు ముద్ద మిగులుతుంది. ఆ డై బతుకంతా అందులో కనిపిస్తుంది. దానికి వంద రూపాయలా?

కొత్త_సభ్యుడు_గుంటూరు:
మా ఇంట్లో వైష్ణోదేవి 5 రూపాయల బిళ్ల ఉంది. లక్షలొస్తాయంట కదా?

నిర్వాహకుడు:
రావు. అది 2012 స్మారక నాణెం, ఎర్రర్ కాదు. పాత నాణేలు కొంటామంటూ తన పేరు చెప్పి కమీషన్లు, పన్నులు అడిగేవాళ్లను నమ్మొద్దని రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. ఎవరికీ ముందుగా డబ్బు కట్టకండి.

గోదారి_గట్టు:
గోరుకి తగులుతోంది, ఉబ్బెత్తే. ఫొటో మాత్రం తీయనివ్వలేదు.

రాగి_కాసు:
ఫొటో తీయనివ్వని చోట కొనొద్దు. రెండు వైపులా సింహాలే ఉన్న రూపాయి ఒకటి ఆన్‌లైన్‌లో 4,000కి కొన్నాను. భూతద్దం పెడితే అంచు లోపల చుట్టూ అతుకు! ఒక బిళ్లను తొలిచి, ఇంకోదాన్ని చెక్కి అందులో దిగ్గొట్టారు. డబ్బు వెనక్కి ఇవ్వలేదు. నేను అప్పుడు రిటైరై కొత్తగా పింఛను తీసుకుంటున్నాను.

నక్షత్రం_గుర్తు:
మీకు జరిగింది అన్యాయమే. కానీ అది లేత్ మీద చేసిన నకిలీ. దానికీ డై పగులుకీ పోలికేంటి?

రాగి_కాసు:
ఆ రెండూ అమ్మేది ఒకే బల్ల మీద. మీరూ పోయిన నెల ఇక్కడే పగులు రూపాయిని 800కి పెట్టారు.

నక్షత్రం_గుర్తు:
పెట్టాను. రెండు ముఖాల ఫొటోలు, తూకం, "డై పగులు, అరుదు కాదు" అన్న మాట అన్నీ పెట్టాను. నన్ను మోసగాడన్నట్టు మాట్లాడితే ఊరుకోను.

పాత_అణా:
పెద్దవాళ్లు, కాస్త నెమ్మది.

రాగి_కాసు:
మిమ్మల్ని అనలేదు. పగులుతో నాకు పేచీ లేదు, నా దగ్గరా ఉన్నాయి. నా బాధ ధర గురించే. ఒకసారి 800 పలికిందంటే మర్నాడే ఎవడో వైస్‌లో (వస్తువును బిగించి పట్టే పనిముట్టు) రెండు బిళ్లలు కలిపి నొక్కుతాడు. ఒకవైపు అక్షరాలు తిరగబడి లోపలికి పడతాయి, రెండోవైపు బొమ్మ చదునవుతుంది. దాన్ని "బ్రాకేజ్" అని, అంటే టంకశాలలోనే ముందు బిళ్ల డైకి అంటుకుపోయి తర్వాతి బిళ్ల మీద తిరగబడి పడిన ముద్ర అని కొత్తవాళ్లకు అంటగడతాడు.

నక్షత్రం_గుర్తు:
ధర లేకపోతే గల్లాలో చిల్లర ఎవరు వెతుకుతారు? మా వీధి పాలబ్బాయి నాకు పగులు నాణేలు తెచ్చేది నేను యాభయ్యో వందో ఇస్తాననే. ధర తీసేస్తే నకిలీలు ఆగుతాయేమో గానీ, అసలువి కూడా కంటికి కనపడవు.

రాగి_కాసు:
కనపడకపోయినా ఫర్వాలేదంటాను. నాలాంటివాళ్లు మోసపోకపోతే చాలు.

నక్షత్రం_గుర్తు:
నేను ఒప్పుకోను.

గోదారి_గట్టు:
ఆదివారం మళ్లీ వెళ్తున్నాను. వంద దాటను.

నక్షత్రం_గుర్తు:
వంద అంటే ఆయన ఇవ్వడు. ఆ గీత తేదీకి ఏ వైపు నుంచి మొదలైందో చూసి రండి. ఎడమ నుంచైతే నా వరుసలో లేని దశ కావచ్చు. మీరు వదిలేస్తే నేను వెళ్తాను.